స్వరూపక్క డిస్కుల పుస్తకం

మొన్న ఆదివారం డైరీ టైపు చేసుకుంటుంటే మా ఇంటి కంప్యూటర్ లోపల టక్కుమని చప్పుడైంది. కాసేపు ఆగి మళ్ళీ టక్కుమంది. లోపల ఎవరో రేకు మీద గోటితో కొడుతున్నట్టు ఉంది. ఆ చప్పుడు ఎరిగినవాళ్ళకు చెయ్యి దానంతట అదే మౌస్ మీద నుంచి లేస్తుంది. హార్డ్ డిస్క్‌కు వయసైపోయింది, కొత్తది కొనాలి. ఫోన్లో రెండు కంపెనీల డిస్కులు పక్కపక్కన పెట్టి చూశాను. ధర దాదాపు ఒకటే. కింద కొన్నవాళ్ళు రాసిన మాటలు చదివితే ఇంకా అయోమయం. ఒకరు దేవుడన్న దాన్నే ఇంకొకరు దెయ్యం అన్నారు. ఫోన్ పక్కన పెట్టి, కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పి, స్క్రూడ్రైవర్ మొనను డిస్కు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాను. అలా వినడం నాకు నేర్పింది స్వరూపక్క. ఆమె గురించి ఇన్నాళ్ళూ నా డైరీలో తప్ప ఎక్కడా రాయలేదు. ఆమెను చూడనివాళ్ళ కోసం రాయడం ఇదే మొదలు.

జనగామ స్టేషన్ రోడ్డులో ఆమెకు ఒక రిపేరు దుకాణం ఉండేది. నలుగురు నిలబడితే ఐదో మనిషి మెట్ల మీద ఆగాలి. డిగ్రీ అయ్యాక లింగాల ఘనపూర్ నుంచి రోజూ బస్సులో వచ్చి అక్కడ పని నేర్చుకున్నాను. నేను మనుషులతో మాట్లాడలేని దాన్ని. ఎవరైనా పేరు అడిగితే కూడా మా అమ్మ వైపు చూసేదాన్ని. స్క్రూలు, వైర్లు అయితే ఏమీ అడగవని ఆ పని ఎంచుకున్నాను. మొదటి రోజు నా సంచిలోంచి డైరీ జారి కింద పడింది. అక్క తీసి చేతికిచ్చింది, తెరవలేదు.

"ఏం రాస్తవే అండ్ల?"

"ఆ రోజు జరిగినయి అక్కా."

"రోజూ?"

"రోజూ."

"జరమొచ్చినా?"

"జరమొచ్చిందని రాస్త."

అక్క పకపకా నవ్వింది. "అయితే నాకు దొరకాల్సిన పిల్లవే దొరికినవ్" అని అరలోంచి ఒక పొడుగాటి రిజిస్టర్ తీసి ఇచ్చింది. అందులో రాయాల్సింది ఒకటే. మా దుకాణానికి వచ్చిన ప్రతి పాడైన డిస్కు ఏ కంపెనీది, ఎప్పుడు బిగించారు, ఎప్పుడు పోయింది, పోయేముందు ఎలా మూలిగింది. అప్పటిదాకా ఆ సంగతులన్నీ అక్క అగ్గిపెట్టెల మీద, కరెంటు బిల్లుల వెనక రాసి పెట్టుకుంది. నేను వాటన్నిటినీ వరుసగా ఎక్కించాను. నాకు అదొక కొత్త రకం డైరీలా అనిపించింది. మూలుగులకు మాటలు వెతకడం మరీ ఇష్టంగా ఉండేది. 'గడియారం ముల్లు ఇరుక్కున్నట్టు' అని ఒకదానికి, 'పిల్లి గొంతులో బొచ్చు పడ్డట్టు' అని ఇంకొకదానికి రాశాను. అక్క చదివి, "గిది రిపేరు పుస్తకమా, కథల పుస్తకమా?" అంది. కానీ ఒక్కటి కూడా కొట్టివేయించలేదు.

అక్క పుట్టి పెరిగింది భూపాలపల్లిలో. వాళ్ళ నాయిన బొగ్గు గనిలో పనిచేశాడు. కాలనీ ఇళ్ళలో కంప్యూటర్లు తుడిచి తుడిచి ఈ పని నేర్చుకుందట. డబ్బా విప్పగానే లోపలి దుమ్ము చూసి అది ఏ ఊరిదో చెప్పేది. నల్లగా వేళ్ళకు అంటితే భూపాలపల్లి. ఫ్యాను రెక్కలకు తెల్లటి నుసి చుట్టుకుని ఉంటే మా జనగామలో పత్తి మిల్లుల పక్క ఇల్లు. విప్పగానే తుమ్ము వచ్చిందంటే మానుకోట వైపు, మిర్చి కల్లాల దగ్గరిది. మహబూబాబాద్‌ను ఆమె ఎప్పుడూ మానుకోట అనే అనేది. నేను తుమ్మితే చాలు, "ఊరి పేరు రాసుకో" అనేది.

దుకాణానికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది అడిగేది ఒకే ప్రశ్న. ఏ కంపెనీ డిస్కు మంచిది? మా దగ్గర రెండు కంపెనీలవి ఉండేవి. ఒకదానికి పచ్చ చీటీ, ఒకదానికి నీలం చీటీ. జనం వాటిని పేర్లతో కాక రంగులతోనే పిలిచేవాళ్ళు. ఎన్నికలప్పుడు జెండాల గురించి వాదించుకున్నట్టు వాదించుకునేవాళ్ళు కూడా. పచ్చవాళ్ళు పచ్చే అనేవాళ్ళు, నీలంవాళ్ళు నీలమే అనేవాళ్ళు. అక్క మాత్రం ఏదీ తేల్చేది కాదు. "రెండూ గిర్రున తిరిగేటియే. ఏదో ఒకనాడు ఆగుతయి" అని తన పనిలో పడేది. అది నాకు నచ్చేది కాదు. ఇంత పుస్తకం పెట్టుకుని జవాబు చెప్పకపోవడం ఏమిటి అనుకునేదాన్ని.

ఆ జవాబు నేనే చెప్పే రోజు వచ్చింది. వాళ్ళ అమ్మకు కంటి ఆపరేషన్ అని అక్క నాలుగు రోజులు భూపాలపల్లి వెళ్ళింది. రెండో రోజు డేవిడ్ సార్ అనే పెద్దాయన వచ్చాడు. పెద్దవంగర వైపు బడుల్లో తెలుగు చెప్పి రిటైరై మహబూబాబాద్‌లో ఉంటున్నాడు. జనగామలో కూతురి ఇంటికి వచ్చి, పనిలో పనిగా తన ఇంటి కంప్యూటర్ కూడా కారులో తెచ్చాడు. అందులో ఆయన ఇరవై ఏళ్ళుగా ఊరూరా తిరిగి రికార్డు చేసిన పాటలున్నాయి. నాట్లప్పుడు పాడేవి, పసుపు దంచేటప్పుడు పాడేవి, పిల్లలను జోకొట్టేవి. పాడిన ముసలివాళ్ళలో చాలామంది అప్పటికే పోయారు. నాకు వినమని ఒక పాట పెట్టాడు. గొంతు వెనకాల నీళ్ళ చప్పుడు, గాజుల చప్పుడు, ఎవరో నవ్వడం వినిపించాయి. ఆ మధ్యలోనే ఆయన పాత డిస్కు కూడా టక్కుమంది.

"ఏ కంపెనీది పెట్టిద్దాం బిడ్డా?" అని అడిగాడు. నేను పుస్తకం తెరిచాను. పోయిన డిస్కుల్లో పచ్చ చీటీవి పదకొండు, నీలంవి రెండే. జీవితంలో మొదటిసారి ఒక కొత్త మనిషితో తడబడకుండా మాట్లాడాను. "నీలందే సార్. ఒకటి కాదు, రెండు తీసుకోండి. ఒకటి కంప్యూటర్ల, ఒకటి కాపీకి." అంత కచ్చితంగా ఎట్ల చెప్తున్నవని అడిగితే పుస్తకం ఆయన వైపు తిప్పి చూపించాను. ఆయన నన్ను మెచ్చుకున్నాడు. కంపెనీ పంపిన ఒకే అట్టడబ్బాలోంచి పక్కపక్కన ఉన్న రెండు డిస్కులు తీసి, పాటలన్నీ రెండింటిలోకి ఎక్కించి ఇచ్చాను. పాతది తర్వాతి వారమే పూర్తిగా ఆగిపోయిందని, పాత సామాన్లవాడికి ఇచ్చేశానని సార్ ఫోన్ చేసి చెప్పాడు. సమయానికి మార్చినందుకు నాకు చాలా గర్వమేసింది. ఆ రోజు డైరీలో రెండు పేజీలు రాసుకున్నాను.

నాలుగు నెలలకు సార్‌కిచ్చిన నీలం చీటీ డిస్కుల్లో ఒకటి పోయింది. కాపీ ఉంది కదా అని సార్ రెండోదాన్ని తగిలించి పాటలు వింటుంటే, మూడు రోజులకు అదీ పోయింది. రెండింటినీ కూతురితో మా దుకాణానికి పంపాడు. అక్క ఒక్కొక్కదాని మీద స్క్రూడ్రైవర్ పెట్టి విని, బల్ల మీద పెట్టింది. హైదరాబాద్‌లో పోయిన డిస్కులు విప్పి లోపలివి బయటికి తీసేవాళ్ళ దగ్గరికి పంపింది. మూడు వారాలకు అవి పంపినవి పంపినట్టే తిరిగొచ్చాయి. ఒక్క పాట కూడా రాలేదు.

"నీలందే ఎందుకిచ్చినవ్?" అని అక్క అడిగింది. నేను పుస్తకం తెచ్చి అదే పేజీ చూపించాను.

"పచ్చయి పదకొండు పోయినయి అక్కా. నీలంయి రెండే."

"నీలంయి మన దుకాణంలకు ఎప్పుడొచ్చినయి?"

"పోయిన దసరాకు."

"పచ్చయి?"

"దుకాణం పెట్టినప్పటి నుంచి ఉన్నయి."

"మరి? నిన్నగాక మొన్న వచ్చినయి అప్పుడే ఎట్ల పోతయే? ముసలియే గదా ఎక్కువ పోతయి! నువ్వు పోయినయే రాసినవ్. మంచిగ తిరుగుతున్నయి ఎన్నున్నయో ఏ పేజీల ఉంది?"

ఏ పేజీలోనూ లేదు. నేను రాయలేదు, రాయాలని కూడా తోచలేదు. అక్క అంతటితో ఆగలేదు. "రెండూ ఒక్క డబ్బాలయి తీసినవ్. ఒక్క కార్ఖానాల ఒక్క దినం చేసినయి, ఒక్క లారీల ఎగిరెగిరి వచ్చినయి. దీనికున్న రోగం దానికి ఉండదా?" నేను ఏడుస్తుంటే మంచినీళ్ళ సీసా నా ముందుకు జరిపింది. "పుస్తకం రాయుమన్నది నేను, గిదంతా నీకు చెప్పకపాయె. సగం తప్పు నాది. తక్కిన సగం నువ్వే సార్‌కు చెప్పాలె."

తర్వాతి ఆదివారం ఇద్దరం మహబూబాబాద్ రైలెక్కాం. కిటికీ పక్కన కూర్చుని నేను రాత్రి రాసిన ఉత్తరాన్ని మళ్ళీ చదువుకుంటున్నాను. నాలుగు కాగితాలు. అక్క జామకాయ కొరుకుతూ అడిగింది.

"గదేంది?"

"సార్‌కు ఉత్తరం."

"చేతుల పెట్టి, సార్ కండ్లద్దాలు ఎతుక్కునేలోపల ఉరుకుదామనా?"

నిజంగా అదే నా ఆలోచన. అక్క ఉత్తరం తీసుకోలేదు, చింపమనీ అనలేదు. సగం జామకాయ నా చేతిలో పెట్టి, "నోట్లకెళ్ళి మాట రాకపోతే అప్పుడు చదువు" అంది.

సార్ ఇంట్లో కంప్యూటర్ మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంది. ఆయన భార్య సుగుణమ్మ కుర్చీలు వేసి లోపలికి వెళ్ళబోతుంటే సార్ ఆమె వైపు చెయ్యి చూపించాడు.

"మీరెందుకు వచ్చిన్రమ్మా ఇంత దూరం? మీ దుకాణం తప్పేం లేదు. ఈమె బల్ల తుడుస్త అని నడుస్తున్న డిస్కు వైరు పీకింది. ఇరవై ఏండ్ల పని ఒక్క గుడ్డతోని తుడిచిపెట్టింది."

సుగుణమ్మ కుర్చీ సర్దింది. చూస్తే ఆ మాట ఆమె చాలాసార్లు విన్నట్టే ఉంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదని కూడా అర్థమైంది. నేను అక్క వైపు చూశాను. అక్క గోడ మీది క్యాలెండర్ చూస్తోంది. నేను నోరు మూసుకుని కూర్చుంటే సరిపోతుంది. తప్పు ఒకరి మీద ఎలాగూ పడి ఉంది. ఉత్తరం నా సంచిలో ఉంది, చెయ్యి లోపలిదాకా పోయింది కూడా. కానీ అందులో సుగుణమ్మ గురించి ఒక్క వాక్యం లేదు.

"వైరు పీకినందుకు కాదు సార్" అన్నాను. చెయ్యి సంచిలోంచి తీశాను. "అమ్మ తప్పు కాదు. నేను చేసిన. రెండూ ఒక్క డబ్బాలయి ఇచ్చిన. నాకు తెల్వకున్నా తెలిసినట్టు చెప్పిన. పుస్తకం చూపించి నమ్మించిన."

సార్ కళ్ళద్దాలు తీశాడు. క్షమిస్తాడని నేను రైల్లో ఊహించుకున్నాను. ఆయన క్షమించలేదు. "నాతోని మాట్లాడకు బిడ్డా ఇయ్యాల" అని లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

సుగుణమ్మ ఆ తలుపు వైపు చూసి, గట్టిగా లోపలికి వినపడేలా, "నెల రోజులు! నెల రోజుల సంది ఈ ఇంట్ల గుడ్డ ముట్టుకోనియ్యలే నన్ను!" అంది. తర్వాత మమ్మల్ని కదలనివ్వకుండా అన్నం పెట్టింది. మేము సగం తిన్నాక తలుపు తెరుచుకుంది. సార్ గడపలోనే నిలబడ్డాడు. నన్ను చూడలేదు, అక్కను చూడలేదు.

"సుగుణా, కూరల ఉప్పు సరిపోయిందా వీళ్ళకు?"

"వచ్చి తిని చూడున్రి" అంది సుగుణమ్మ. ఆయన వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు అక్క నన్ను మెచ్చుకోలేదు. జనగామ వచ్చేదాకా నిద్రపోయింది. మర్నాడు రిజిస్టర్ తిరగేసి, వెనక వైపు నుంచి కొత్తగా మొదలుపెట్టమంది. మేము అమ్మిన ప్రతి డిస్కు యజమానికి నెలకొకసారి ఫోన్ చేసి, "మీ డిస్కు మంచిగ నడుస్తున్నదా?" అని అడగడం నా పని. ఫోనంటేనే వణికే దాన్ని. మొదటి నెల జనం నవ్వారు. రెండో నెల నుంచి పత్తి ధర, పిల్లల మార్కులు కూడా చెప్పడం మొదలుపెట్టారు.

పోయిన గొంతులు పోయినట్టే. దాన్ని ఏ మాటతోనూ మెత్తగా చేయలేను. ఆ ఏడాది నాట్లకు సార్, సుగుణమ్మ కలిసి మళ్ళీ ఊళ్ళు తిరిగారు. బతికున్నవాళ్ళు కొద్దిమందే దొరికారు. కోతలయ్యాక ఒకరోజు ఇద్దరూ మా దుకాణానికి వచ్చారు. లోపల నలుగురు నిలబడి ఉంటే సార్ మెట్ల మీద నుంచే, అక్కను కాకుండా నన్ను అడిగాడు.

"ఏ కంపెనీది పెడదాం బిడ్డా?"

అందరూ నా వైపు తిరిగారు. అక్క మాత్రం తల ఎత్తకుండా స్క్రూలు బిగించుకుంటోంది.

"ఏది ముందుగాల పోతదో నాకు తెల్వదు సార్" అన్నాను. "రెండు కంపెనీలయి చెరొకటి పెడత. ఒకటి పోయిన నెల వచ్చింది, ఒకటి మొన్న వచ్చింది. ఒకటి మీ ఇంట్ల పెట్టున్రి, ఒకటి జనగామల మీ బిడ్డ ఇంట్ల. ఆరునెల్లకోసారి రెండూ తెచ్చి నాకు వినిపియ్యున్రి."

వరుసలో ముందున్న ఆయనకు నవ్వొచ్చింది. "తెల్వదని చెప్పేటందుకు జీతమిస్తున్నవా అక్కా ఈ పిల్లకు?"

"గందుకే ఇస్తున్న" అంది అక్క.

ఇప్పుడు ఆ దుకాణం లేదు. ఫొటోలన్నీ ఫోన్లలోనే ఉండిపోతున్నాయి, డిస్కులు అడిగేవాళ్ళు తగ్గారు. అక్క భూపాలపల్లి వెళ్ళిపోయి వాళ్ళ అమ్మను చూసుకుంటోంది. నేను ఒక బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. పిల్లలు నాకు రానివి అడుగుతారు. వెనక బెంచీదాకా వినపడేలా, "నాకు తెల్వదు, చూసి చెప్త" అంటాను. క్లాసులో నా గొంతు కొంచెం కూడా వణకకుండా వచ్చే వాక్యం అదొక్కటే.