మా అరుగు మీదుగా గీసిన గీత

మొన్న మంగళవారం పొద్దున్న సర్వేయరు గారు పోయారు. ఇంట్లోనే, కుర్చీలోనే, పక్కన పెట్టిన కాఫీ చల్లారకముందే. శుక్రవారం జరిగిన సంతాప సభలో మన కాలనీ సంఘం కార్యదర్శి గారు మైకు పట్టుకుని, "ఆ మహానుభావుడు మన టీచరమ్మగారిని బతిమాలి బతిమాలి రోడ్డుకి స్థలం దానం చేయించారు" అన్నారు. రెండూ తప్పే. ఆయన నన్ను బతిమాలలేదు. నేను దానం చేయలేదు. అప్పుడే లేచి చెబుదామనుకున్నాను గానీ, నా మోకాళ్ళు లేచేసరికి కార్యదర్శి గారు కూర్చున్నారు. అందుకని మన సంఘం పత్రికలో రాస్తున్నాను. ముప్పయ్యేళ్ళు లెక్కల టీచరుగా పిల్లల తప్పులు దిద్దాను. పెద్దవాళ్ళ తప్పులు దిద్దడానికి వేరే సిరా ఏమీ అక్కర్లేదు.

కాలనీకి కొత్తగా వచ్చినవాళ్ళకి సంగతి చెప్పాలి. గుడివాడ పెరుగుతోంది, మన వీధి మాత్రం కాలువ గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. దాన్ని వెడల్పు చేసి, కాలువ మీద బండ్లు వెళ్ళే వంతెన వేసి, బైపాస్ దాకా పొడిగించాలని పురపాలక సంఘం అనుకుంది. వాళ్ళ దగ్గర రోడ్డు వేయడానికి డబ్బుంది, స్థలం కొనడానికి లేదు. వీధిలో అందరూ ఇంటి ముందు జాగా వదులుతామని సంతకాలు పెడితే నిధులు ఇటు వస్తాయి, ఒక్కరు పెట్టకపోయినా వేరే వార్డుకి పోతాయి. ఆ ఒక్కరూ నేనే.

కాలువ అవతల ఇళ్ళవాళ్ళకి ఒంట్లో బాగోకపోతే అంబులెన్సు మా మలుపు దగ్గర ఆగిపోతుంది. మా అరుగు ముందుకి పొడుచుకొచ్చి ఉండడం వల్ల బండి తిరగదు. పురిటినొప్పులు పడుతున్న పిల్లని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకురావడం ఆ అరుగు మీద నుంచే చూశాను. చూసి కూడా సంతకం పెట్టలేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

సర్వేయరు గారిది ముదినేపల్లి దగ్గర పల్లెటూరు. రిటైరయ్యాక మా ఎదురు వరసలో, మలుపు దాటాక ఇల్లు కట్టుకున్నారు. ఆదివారం చర్చి తప్పేవారు కాదు. చెవి మీద పెన్సిలు, జేబులో సగం విరిగిన బ్లేడు. నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకునే అలవాటు. నేను గుమ్మంలో నుంచి "బాగున్నారా అండీ" అంటే వేలు పైకెత్తి నడిచిపోయేవారు. జవాబు వీధి చివర నుంచి వచ్చేది: "బాగున్నానండీ, నూట నలభై రెండు!" ఇరవయ్యేళ్ళలో నాకు ఆయన ఆరోగ్యం కంటే వీధి పొడవే ఎక్కువ తెలిసింది.

పురపాలక సంఘం సర్వేయరుకి తీరిక లేదంటే, ఈ కొలత పని ఆయన ఊరికే నెత్తిన వేసుకున్నారు. ఆఫీసు వాళ్ళు ఇద్దరు మనుషుల్ని ఇచ్చారు. టేపు ఉండగా ఆ పాత ఇనప గొలుసు ఎందుకని అడిగాను. "టేపు చదవాలండి. గొలుసు నా చేతికి తెలుసు" అన్నారు. మా మలుపు దగ్గర మొదలుపెట్టాల్సిన కొలత ఆయన కాలువ దాటి, బైపాస్ పక్కన ఉన్న హద్దురాయి దగ్గర మొదలుపెట్టారు. ఏప్రిల్ ఎండలో, తలకి తడి తువ్వాలు చుట్టుకుని, మూడు రోజులు. ఎందుకంత దూరం నుంచి వస్తున్నారో వీధిలో ఎవరికీ అర్థం కాలేదు. చాదస్తం అనుకున్నాం. నేను పైకే అన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం గొలుసు మా ఇంటికి చేరింది. ఆయన మెట్లెక్కి, మా అరుగు గచ్చు మీద సుద్దతో చిన్న గుర్తు పెట్టి, మేకు కొట్టారు.

"ఏంటండీ అది?"

"రోడ్డు అంచండీ, టీచరమ్మగారూ."

"మా అరుగు మధ్యలోనా! మా ఆయన ఎంత నిక్కచ్చి మనిషో ఈ ఊళ్ళో ఎవర్నైనా అడగండి. జానెడు కూడా ముందుకి జరిగి కట్టలేదు."

"వారు మంచివారండి. నాకు తెలుసు."

"ఆ గీత కాస్త అటు వంచితే మీ దేవుడేమైనా కోప్పడతాడా?"

"దేవుడి సంగతి తెలీదు గానండి, లారీ కోప్పడుద్ది. మలుపు తిరగదు."

అంతే. మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయారు. నా మొహం వైపు చూడలేదని కోపం వచ్చింది. అదేమిటని వాళ్ళావిడ దగ్గర వెళ్ళగక్కితే ఆవిడ నవ్వింది. "కొలిచేటప్పుడు ఇంటివాళ్ళ మొహం చూడకూడదంటారండి, చెయ్యి వణుకుద్దంట. మా గోడ దగ్గర నా మొహమూ చూళ్ళేదు. మీకు అరుగే పోయింది, నాకు గేటూ కరివేపాకు చెట్టూ రెండూ పోతున్నాయి. ఆయన గీత మా ఇంటి దగ్గరికొచ్చేసరికి లావెక్కుద్ది!"

రెండు నెలలు గడిచాయి. అందరూ సంతకాలు పెట్టారు. మీరంతా మా ఇంటికి వంతులవారీగా వచ్చి హితబోధ చేశారు. సర్వేయరు గారు ఒక్కరే రాలేదు. వేలెత్తి, అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోయేవారు.

అప్పుడు మా పెరట్లో కుళాయి గొట్టం పగిలింది. పైపు వేయడానికి వచ్చినతను నేను బట్టలు ఉతికే బండని గునపంతో తిరగేశాడు. అడుగువైపు చెక్కి ఉంది ఒక గుర్తు. అచ్చం కూడిక గుర్తు. లెక్కల టీచరుని, దాని మీద ముప్పయ్యేళ్ళు దుప్పట్లు బాదాను. అది మలుపు దగ్గర రోడ్డుకి పూర్వమే వదిలిన జాగా హద్దురాయి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు అడ్డంగా ఉందని పీకి పెరట్లో పడేసి ఉంటారు. మా ఆయన చూశారో లేదో నాకు తెలీదు. అడగడానికి ఆయన లేరు.

సర్వేయరు గారిని పిలిపించాను. రాయి చూసి ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"మీకు ముందే తెలుసా?"

"మొదటి రోజే చూశానండి. గొలుసు పట్టకముందు నీళ్ళకని పెరట్లోకొచ్చాను కదా. గుర్తు కిందవైపున్నా, చెక్కిన పలక చూస్తే తెలిసిపోద్ది."

"మరి చెప్పలేదేం? ఒక్క మాట అంటే నా నోరు మూతపడేది కదా!"

ఆయన పెన్సిలు తీసి మొన చూసుకున్నారు. "చెబితే వీధంతా మీ ఆయన పేరెత్తుద్దండి. ఆయన్నేమో వచ్చి చెప్పుకోమని అడగలేం. రాయి లేకపోయినా చోటు దొరుకుద్దండి, కాస్త దూరం నుంచి రావాలంతే."

మూడు రోజుల ఎండ అందుకు. మా ఆయన పరువు కోసం, నన్ను చిన్నబుచ్చకుండా, ఆయన ఊరి అవతల నుంచి కొలుచుకుంటూ వచ్చారు. నేను ఆ సాయంత్రం సంతకం పెట్టాను. నాది కానిది తిరిగి ఇచ్చాను, అంతే. దాతల పేర్ల బోర్డులో నా పేరు కొట్టేయండి.

నిధులు మంజూరయ్యాయని కాగితం వచ్చిన వారానికే ఆయన పోయారు. చర్చి వాళ్ళ బండి శవపేటిక తీసుకుని సమాధుల తోటకి వెళ్ళాలి. మా మలుపు దాకా మోసుకొచ్చి అక్కడ ఎక్కిద్దామని వాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. బుధవారం తెల్లారగానే మేస్త్రీని పిలిచి అరుగు కొట్టేయమన్నాను. "రోడ్డు పని మొదలయ్యాక కదా మామ్మగారూ?" అన్నాడు. "మొదలైంది, కొట్టు" అన్నాను.

పదకొండు గంటలకి కాబోలు, అతను గునపం ఆపి పిలిచాడు. గచ్చు కింద మట్టిలో ఎవరో పిడికెడు బొగ్గులు, పెంకుముక్కలు కూరి ఉంచారు. ఆ రోజు గొలుసు పట్టిన మనిషి, ఆయన్ని కడసారి చూడడానికి వచ్చినవాడు, అక్కడే ఉన్నాడు. "పూర్వం హద్దురాయి కింద బొగ్గులు వేసేవోళ్ళండి. రాయి పోయినా బొగ్గు కుళ్ళదు" అన్నాడు. ఇంకా పగలని గచ్చులో నిలిచి ఉన్న మేకుకీ ఆ బొగ్గుల గుంటకీ మధ్య నా వేళ్ళు పెట్టి చూశాను. నాలుగు పట్టాయి. కాలువలూ పొలాలూ దాటి, ఎండకి కళ్ళు చికిలించుకుంటూ, ఎవరూ చూడని చోటుని ఒక మనిషి నాలుగు వేళ్ళ తేడాతో పట్టుకున్నాడు.

మూడు గంటలకి బండి వచ్చింది. మా మలుపు దగ్గర ఆగకుండా, వెనక్కి తీయకుండా, ఒక్క తిప్పుతో తిరిగి వెళ్ళిపోయింది.

ఇక కార్యదర్శి గారూ, మీకొక పని. ఆయన గీసిన ప్లాను నకళ్ళు నాలుగు సోమవారంలోగా ఆఫీసులో ఇవ్వాలట. అసలు షీటు వాళ్ళావిడ నా దగ్గర ఉంచింది. శనివారం వచ్చి తీసుకెళ్ళండి. బస్టాండు వైపు పెద్ద షీట్లు జిరాక్సు తీసే షాపు ఉంది. మడత పెట్టకండి, చుట్టి పట్టుకెళ్ళండి. మడత పడినచోట పెన్సిలు గీత చెరిగిపోతుంది. మబ్బు పట్టి ఉంటే పాలిథిన్ కవరు నేనిస్తాను. స్కూటరు మీద వచ్చేటప్పుడు మా మలుపులో హారన్ కొట్టక్కర్లేదు, అవతలి నుంచి వచ్చేవాళ్ళు ఇప్పుడు కనిపిస్తున్నారు.