కిరాయి తీసుకోని అర్ర

1986 జూన్‌లో మా బ్యాంకు వాళ్లు నాకు ప్రమోషన్ ఇచ్చి మహబూబ్‌నగర్ జిల్లా కోస్గి శాఖకు మేనేజరుగా వేశారు. అంతకుముందు నల్లగొండలో అకౌంటెంటుగా చేశాను. అకౌంటెంటంటే శాఖలో మేనేజరు తర్వాతి అధికారి. ఖజానా గది తాళాలు ఇద్దరి దగ్గరా ఒక్కొక్కటి ఉంటాయి, ఇద్దరూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. శ్రావణీ, మీ అమ్మను, మామను నల్లగొండలో మా అత్తమ్మ దగ్గర వదిలి నేను కోస్గిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. పగలు పనిలో పడితే ఏమీ తెలిసేది కాదు. తపాలా వచ్చే వేళకు మాత్రం కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. నల్లగొండకు బదిలీ కాగితం వస్తుందేమోనని ఎదురుచూపు.

మొన్న నువ్వు ఫోనులో నవ్వావు. "పరాయి దేశంలో చదివి, అక్కడే ఫైనాన్స్‌లో ఉద్యోగం వెతుక్కోవడం ఎట్లుంటదో నీకేం తెలుసు అమ్మమ్మా?" అని. నాకు అట్లాంటివాడు ఒక్కడే తెలుసు తల్లీ. అతని పేరు సలీం. అతనికి పరాయి దేశం మనదే.

సలీంది ఆఫ్రికాలోని జాంజిబార్. హైదరాబాదులో ఎం.కాం. చదివాడు. మా బ్యాంకుకు తూర్పు ఆఫ్రికాలో శాఖలు ఉండేవి. వాటి కోసం ఇక్కడే చదువుకున్న విదేశీ పట్టభద్రులను కొందరిని తీసుకుని, ఒక ఏడాది పల్లె శాఖల్లో పని నేర్పించాలని హెడ్డాఫీసు అనుకుంది. ఆ ఏడాదిని ప్రొబేషన్ అంటారు. చివర్లో మేనేజరు రిపోర్టు రాయాలి, ఇన్‌స్పెక్టరు దాన్ని సరేననాలి. అప్పుడే మొంబాసా శాఖకు పంపే జాబితాలో పేరు ఎక్కుతుంది. ఎక్కకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే వీసా లేదు. ఇంటికి వెళ్లినా అక్కడ పని దొరకదని మొదటి రోజే నాతో చెప్పాడు.

కోస్గిలో అతనికి ఎవరూ ఇల్లు ఇవ్వలేదు. చివరికి దర్జీ మస్తాన్ మియా తన ఇంటి బయటి అర్ర, ఒక చిన్న గది, ఇచ్చాడు. అతని భార్య ఖాజాబీ నోటికి గల్లీ అంతా భయపడేది. సలీంను చూసి గుసగుసలాడిన వాళ్లతో, "నల్లగున్నడని భయపడ్తున్రా? మీ పొయ్యి మీది కుండ ఏ రంగున్నది?" అని అడిగిందట. దాంతో గుసగుసలు ఆగిపోయాయి.

సలీం పని త్వరగా పట్టుకున్నాడు. హైదరాబాదు ఉర్దూ ముందే వచ్చు, కోస్గి తెలుగు నాలుగు నెలల్లో వచ్చేసింది. కానీ ఒక చోట నిలబడేవాడు కాదు. ఫైలు చదువుతూనే వరండాలో అటూ ఇటూ తిరిగేవాడు. విదేశీయుడు కాబట్టి జిల్లా దాటాలంటే మహబూబ్‌నగర్ పోలీసు ఆఫీసులో ముందు చెప్పి వెళ్లాలి, అది అతన్ని ఇంకా చికాకు పెట్టేది. తపాలా సంచి విప్పేటప్పుడు మేమిద్దరం బల్లకు చెరో పక్క నిలబడేవాళ్లం. అటెండరు బాలయ్య ఊరుకునేవాడు కాదు. "మేడంకు నల్లగొండ, సలీం సారుకు మొంబాసా. నాకు కోస్గే గతి," అనేవాడు.

ప్రొబేషన్‌లో ఉన్నవాడు ఒక అప్పును మొదటినుంచి చివరిదాకా తానే నడిపి చూపించాలి. ఇంటికి వెళ్లి విచారించి, ఈ మనిషికి ఇంత ఇవ్వొచ్చు, ఇన్నాళ్లలో తీర్చగలడు అని ఒక నోట్ రాయాలి. దాన్ని అప్రైజల్ అంటారు. ఆ వారం వచ్చిన దరఖాస్తుల్లో మస్తాన్ మియాది ఉంది. బడిపిల్లల యూనిఫాం కుట్టడానికి ఇంకో రెండు మిషన్లు కావాలన్నాడు. సలీం ఆ ఇంట్లోనే కిరాయికి ఉంటున్నాడని నాకు తెలుసు. ఊరు చిన్నది, ఎవరో ఒకరింట్లో కిరాయికి ఉండక తప్పదు, కిరాయి ఇస్తే అందులో తప్పూ లేదు. నోట్ చక్కగా రాశాడు. నేను మంజూరు చేశాను. మిషన్లు వచ్చాయి.

మార్చిలో రీజినల్ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వెంకటరమణ గారు వచ్చారు. అప్పుతో కొన్న వస్తువు నిజంగా ఉందా లేదా చూడటం ఆయన పని. ఆయనతో నేనూ, సలీమూ మస్తాన్ మియా ఇంటికి వెళ్లాం. మిషన్లు నడుస్తున్నాయి. ఆయన ముఖం తృప్తిగా ఉంది. ఖాజాబీ చాయ్ తెచ్చింది. ఆయన మాటవరసకు, "మా సలీం ఇక్కడే ఉంటాడట కదా, కిరాయి ఎంత తీసుకుంటున్నావమ్మా?" అన్నారు.

"కిరాయా?" ఖాజాబీ నొచ్చుకుంది. "గదేం మాట సారూ. మెహమాన్ కాడ కిరాయి తీసుకుంటమా? మీ ఇంట్ల తీసుకుంటరా? నెలనెలా పైసలు పెడ్తడు, నేను టిఫిన్ డబ్బల పెట్టి మళ్ల పంపిస్త. రెండు పూటలు మా ఇంట్లనే తింటడు. ఒక్క పైస ముట్టలే. కావాల్నంటే గల్లీల అడుగుండ్రి."

అతని పరువు, తన ఇంటి పరువు పెద్దసారు ముందు పెంచుతున్నాననే ఆమె అనుకుంది. ఇన్‌స్పెక్టరు గారు కప్పు కింద పెట్టేశారు. మళ్లీ ముట్టుకోలేదు.

శాఖకు తిరిగొచ్చాక ఆయన గొంతు పెంచకుండా చెప్పారు. అప్పు తీసుకునేవాళ్ల దగ్గర బ్యాంకు ఉద్యోగి ఉచితంగా ఉండకూడదు, తినకూడదు. అప్రైజల్ రాసినవాడు అసలే కూడదు. సలీం తెల్లబోయాడు. వాళ్ల ఊళ్లోనూ అతిథి దగ్గర డబ్బు తీసుకోరు, అందుకే ఇది చెప్పాల్సిన సంగతని అతనికి తోచలేదు. వెంకటరమణ గారు కఠినుడు కాదు. "ఆవిడ నెలనెలా కిరాయి ముట్టిందని రసీదు రాసిస్తే, ఇందాక ఏదో గొప్పకు అన్నదనుకుంటాను. రేపు పొద్దున్నదాకా ఇక్కడే ఉంటాను," అన్నారు.

సలీం వెంటనే లేచి వెళ్లిపోయాడు. రసీదు గురించి ఆలోచిస్తుంటే నాకూ కాలు నిలవలేదు. మర్నాడు బ్యాంకు తెరవకముందే ఖాజాబీ వచ్చి మెట్ల మీద కూర్చుంది. బాలయ్య నోట విషయమంతా విన్నదట.

"మేనేజరమ్మా, గా రసీదు ఏడున్నది? వేలిముద్ర ఏస్త," అంది.

"కిరాయి తీసుకున్నవని గల్లీల తెలిస్తే ఏమంటరు?" అన్నాను నేను.

"ఏమంటరు? పరదేశపు పిల్లగాన్ని పిలిచి పైసలు గుంజిందంటరు. నేను అందరిని అన్న, గిప్పుడు నన్ను అంటరు. అననీ. పిల్లగాని నౌకరీ పోవద్దు."

అంతలో సలీం వచ్చాడు. చేతిలో ఒక కాగితం ఉంది. ఎన్ని నెలలు ఆ ఇంట్లో ఉన్నాడో, ఏం తిన్నాడో, కిరాయి ఎలా తిరిగొచ్చిందో అంతా రాసి, కింద సంతకం పెట్టి తెచ్చాడు.

"జర ఆగు అమ్మీ," అన్నాడు ఖాజాబీతో. తర్వాత నా వైపు తిరిగాడు. "రసీదు రాస్తే అమ్మీ అబద్ధం ఆడినట్టు మేడం. రాయకుంటే నేను తప్పు చేసినట్టు. నేను తప్పు చేసింది నిజమే గద."

"పాగల్," అంది ఖాజాబీ. "సదువుకున్నోడివి, ఒక్క అబద్ధం రాదు."

అతను ఆ కాగితం ఇన్‌స్పెక్టరు గారికి ఇచ్చాడు. ఆయన రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టారు. అప్పు సక్రమంగానే ఉందని, ఉద్యోగి తానే విషయం వెల్లడించాడని, ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించాలని రాశారు. మొంబాసా జాబితా ఆ ఏడు సలీం పేరు లేకుండానే వెళ్లింది. అతన్ని హుజూర్‌నగర్ శాఖకు మార్చారు. ఉద్యోగం మిగిలింది, వీసా మిగిలింది, ఒక సంవత్సరం పోయింది. బస్సెక్కే రోజు కూడా అతను కుదురుగా నిలబడలేదు. స్టాండులో ఈ చివరనుంచి ఆ చివరకు నడుస్తూనే ఉన్నాడు. ఖాజాబీ రాలేదు, కోపం తగ్గలేదు. రొట్టెలు మాత్రం మస్తాన్ మియా చేతికిచ్చి పంపింది. వాళ్ల అప్పు ఇంకా తీరలేదు కదా, తీసుకోవచ్చా అని సలీం నన్ను అడిగాడు. తీసుకొమ్మన్నాను, ఆ సంగతి నేనే ఫైల్లో రాశాను.

మరుసటి ఏడు అతను మొంబాసా వెళ్లాడు. అక్కడ అప్పుల విభాగంలోనే పైకి వచ్చాడని విన్నాను.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి శాఖలో, కొత్తగా చేరినవాళ్లను మొదటి రోజే అడిగేదాన్ని: ఎవరింట్లో ఉంటున్నావు, అన్నం ఎవరు పెడుతున్నారు? ఆ ఇంటి దరఖాస్తు వస్తే ఇంకొకరి బల్ల మీద పెట్టేదాన్ని. పరాయి ఊళ్లో ఎవరో ఒకరి అన్నం తినకుండా ఎవరూ బతకలేరు. తప్పు తినడంలో లేదు, అడిగేదాకా చెప్పకపోవడంలో ఉంది. శ్రావణీ, నువ్వూ నీ పైవాళ్లకు ముందే చెప్పు. చెప్పాక ఆ అన్నం తిను. ఆ ఇంటివాళ్ల ఫైలు మాత్రం ముట్టుకోకు.