మార్తమ్మ గోడ

2021. నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్లే దారిలో, హైవేకి కాస్త లోపలగా ఉన్న ఒక ఊరి చర్చి నుంచి నాకు కబురు వచ్చింది. అంతకు ముందు ఏడాది మా ప్రాంతంలో వచ్చిన భూకంపం పెద్దదేం కాదు. అలమరల్లో గిన్నెలు కదిలాయి, జనం వీధుల్లోకి పరుగెత్తారు, కాసేపటికి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. కానీ నూరేళ్లు దాటిన ఆ చర్చిలో మాత్రం ప్రసంగ వేదిక వెనక గోడ పైనుంచి కిందికి చీలింది. ఆరాధన బయట షామియానా కిందికి మారింది. పాతది పడగొట్టి శ్లాబు బిల్డింగు కట్టేద్దామని సంఘంలో సగం మంది పట్టుబట్టారు. పాస్టరుగారికి మనసొప్పక నన్ను పిలిచారు.

పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. మాది సున్నంతో బతికిన వంశం. మా తాతగారి రోజుల్లో ఈ చుట్టుపక్కల ఏ మేడ లేచినా సున్నం మా బట్టీల నుంచే వెళ్లేది. సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాక బట్టీలు చల్లారాయి, పొలాలు పోయాయి. అయినా మా ఇంట్లో ఎవరూ ఎవరి ముందూ చేయి చాచలేదు. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది.

ముందు పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్కలు అతికించాను. దీన్ని టెల్‌టేల్ అంటాం. గోడ ఇంకా కదులుతుంటే గాజు విరుగుతుంది. వానాకాలం వెళ్లినా గాజు విరగలేదు. అంటే గోడను నిలబెట్టవచ్చు. కానీ సుత్తి పిడితో తట్టిచూస్తే అంతటా డొల్ల మోత. ఎప్పుడో ఆ గోడలకు సిమెంటు ప్లాస్టరింగు చేయించారు. సున్నపు గోడ నేలలోంచి తేమ పీల్చుకుని గాలికి వదులుతూ ఉంటుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. లోపల చిక్కిన తేమ గోడను ఏళ్ల తరబడి తినేసింది. భూకంపం చివరి తోపు తోసింది.

షామియానా కింద సంఘం కూర్చుంది. "ముందు ఈ సిమెంటంతా చెక్కేయాలి. తర్వాత గ్రౌటింగ్, అంటే పల్చటి సున్నం పగుళ్లలోకి ఎక్కించడం. ఆపైన గానుగలో నూరిన సున్నంతో కొత్త పూత," అన్నాను.

ముందు వరుసలో ఉన్న యాకోబుగారు లేచారు. ఆయన సంఘ పెద్ద, సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యారు. ఆయన కాదంటే ఆ చర్చిలో ఇటుక కదలదు.

"ఏ గోడ సిమెంటండీ?"

"అన్నీ. ముందు వేదిక వెనకది."

"అది మా మార్తమ్మదండి."

పాస్టరుగారు మెల్లగా విడమరిచారు. మార్తమ్మ యాకోబుగారి భార్య. ఆవిడ చనిపోయిన ఏడాదే ఆయన ఆవిడ పేరు మీద సిమెంటు బస్తాలు తెచ్చి, ప్రార్థన చేయించి, ఆ గోడకు కానుకగా ఇచ్చారు. ఆ ఊళ్లో సగం ఇళ్లకు సిమెంటు ఫ్యాక్టరీయే అన్నం పెట్టింది. కానుక అంటే సిమెంటే.

"కిటికీల వైపుది మాదండి. మావాడు టైఫాయిడ్ నుంచి లేచినప్పుడు ఇచ్చాం," అంది వెనక నుంచి దీనమ్మ అనే ఆవిడ.

యాకోబుగారు నా వైపే చూస్తున్నారు. "బాబుగారూ, మా నాన్న మీ తాతగారి బట్టీలో సున్నం కాల్చాడు. కాళ్లు బొబ్బలెక్కినా ఆయనెదురుగా చెప్పులేసుకోలా. నేను కంపెనీలో చేరాకే మా ఇంట్లో అందరం చెప్పులేసుకున్నాం. సిమెంటు మీద మీకు ఇంటి పగ ఉంటే ఉండనివ్వండి. అది మా గోడ మీద తీర్చుకోకండి."

మా తాతగారి గురించి నా ఎదుట అలా మాట్లాడినవాళ్లు లేరు. కానీ ఆయన అన్నదాంట్లో కాదనగలిగిందీ లేదు. నిటారుగా నిలబడే చెప్పాను. "రేపు పొద్దున రండి. ఎక్కడ చెక్కాలో మీరే చూపించండి. లోపల పొడిగా ఉంటే, నా మాట తప్పని ఇందరి ముందూ ఒప్పుకుని వెళ్తాను."

మర్నాడు ఆయన వేదిక కుడి పక్కన, పగులుకు బాగా దూరంగా, గట్టిగా కనిపిస్తున్న చోటు చూపించారు. మేస్త్రీ జానెడు మేర చెక్కాడు. పెచ్చు ఊడగానే ముక్కిన వాసన కొట్టింది. రాళ్ల సందుల్లోంచి సున్నం తడి ఇసుకలా జారింది. యాకోబుగారు అరచెయ్యి పట్టి దాన్ని అందుకున్నారు.

"వానలెళ్లి ఎన్నాళ్లైందండీ! ఇంత తడేంటి?"

"నేలలోది. పైకొచ్చింది, బయటికి పోలేకపోయింది."

"అంటే మేమే ఊపిరాడకుండా చేశామా?"

"అప్పట్లో ఎవర్నడిగినా సిమెంటే పెట్టమనేవారండి."

ఆయన ఆ తడి ఇసుకను పిడికిట్లో నలిపారు. తర్వాత అడిగారు. "సరే, చెక్కుతారు. ఆ పెచ్చులేం చేస్తారు? ప్రార్థన చేసిచ్చిందండి అది. ట్రాక్టర్లో పోసి గుంటల్లో పారబోయిస్తారా?"

నా ప్రతి ఎస్టిమేటులోనూ శిథిలాల తరలింపు అని ఒక వరస ఉంటుంది. అందులో ఉన్నది ఎవరిదని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. బయటికి వచ్చి ఆవరణంతా నడిచాను. గేటుకూ మెట్లకూ మధ్య నేల పల్లంగా ఉంది. వాన పడితే నీళ్లు అక్కడ నిలిచి గోడ వైపు పారతాయి. ఎటూ అక్కడ దారి ఎత్తు చేయాల్సిందే.

"పెచ్చులన్నీ కొట్టించి ఈ దారి కింద పరిపిస్తాను. నీళ్లు గోడ దగ్గరికి పోవు. గోడను కాపాడతానని కదా మీరు సిమెంటు ఇచ్చింది. ఇక్కడైతే కాపాడుతుంది," అన్నాను.

ఆయన ఆ పల్లం వంక చూశారు. "అందరూ తొక్కుతారు కదండీ."

మా వెనకే బయటికి వచ్చిన దీనమ్మ అందుకుంది. "తొక్కనివ్వు బాబాయ్! ఇన్నాళ్లూ పిన్ని గోడ మీంచి చూస్తా ఊరుకుంది. ఇక లేటుగా వచ్చేవాళ్లని దారిలోనే పట్టుకుంటది."

యాకోబుగారు నవ్వారు. బతికున్నప్పుడు మార్తమ్మ పని అదేనట. మర్నాటి నుంచి ఆ గోడ చెక్కడం ఆయన ఎదురుగానే జరిగింది. పెచ్చులు ఎత్తిన తట్టల్లో మొదటిది ఆయనే మోశారు. పడగొడదామన్న మాట మళ్లీ రాలేదు.

ఆరాధన తిరిగి లోపలికి మారిన ఆదివారం నన్నూ పిలిచారు. అందరూ మెట్ల దగ్గర చెప్పులు విడుస్తున్నారు. యాకోబుగారు మాత్రం గేటు దగ్గరే ఆగి, చెప్పులు విడిచి పక్కకు పెట్టి, ఆ దారంతా మెల్లగా నడిచి వెళ్లారు. ఆ వెనక నేనూ నా బూట్లు గేటు దగ్గరే విప్పాను.

అప్పటి నుంచి ఏ పాత గోడ ముందు నిలబడ్డా, దాని మీది పూత మంచిదా చెడ్డదా అని చూసేముందు, దాన్ని ఎవరు పెట్టించారని అడుగుతున్నాను. అది విన్నాకే మేస్త్రీ చేతికి సుత్తి ఇస్తాను.