నీలిమందు సముద్రం

మా ఇంట్లో కొత్త సంవత్సరం చర్చిలో మొదలయ్యేది, మధ్యాహ్నం భోజనాలయ్యాక పోట్లాటలోకి దిగేది. నాన్న సికింద్రాబాద్‌లో రైల్వే ఆఫీసు గుమాస్తా. రాజ్యం సరిహద్దు దాటి వెళ్లి రావడానికి ఇంటిల్లిపాదికీ కలిపి ఏడాదికి ఒక్క పాస్ ఇచ్చేవాళ్లు. ఆ పాస్ మీద ఏ ఊరు రాయించుకోవాలన్నదే పోట్లాట. ఇంకోసారి వెళ్లాలంటే టికెట్టు కొనుక్కోవాలి. రైల్వేలో పనిచేసే మనిషి టికెట్టు కొని రైలెక్కడమంటే నాన్నకు తల కొట్టేసినట్టుండేది. అందుకని మా ప్రపంచానికి ఏడాదికి ఒక్కటే కిటికీ.

చిలకలగూడలో మా అద్దె ఇంటి ముందుగదిలో చాప పరిచి పంచాయితీ పెట్టేవాళ్లం. నాన్న, అమ్మ, మామ్మ, అన్నయ్య, నేను. ఒక్కొక్కళ్లు ఒక్కో ఊరి పేరు చెప్పి, దాని గొప్పలన్నీ చెప్పుకోవాలి. ఆఖరున చేతులెత్తాలి. ఎవరి ఊరికి వాళ్లు చెయ్యెత్తకూడదన్నది నాన్న పెట్టిన నియమం. ఆ నియమం మమ్మల్నందరినీ పచ్చి అబద్ధాలకోరుల్ని చేసింది. అవతలివాళ్లను మెప్పించకపోతే మన ఊరు గెలవదు కదా. బెంగుళూరులో మే నెలలో కూడా దుప్పటి కప్పుకుంటారని అమ్మ చెప్పేది. బొంబాయిలో మేడల మీద మేడలుంటాయనీ, పై మేడ మీద మబ్బులు చేతికి తగులుతాయనీ అన్నయ్య చెప్పేవాడు. నాన్నది ఎప్పుడూ ఆగ్రా. నాది చెన్నపట్నం, అదీ అక్కడి జంతుశాల కోసం. అక్కడి ఏనుగు పిల్లలకు దండం పెట్టి పేరు అడుగుతుందని ఒక ఏడాది చెప్పాను, గెలిచాను కూడా. ఏనుగు మా వంక తిరిగి చూడలేదు. ఆ సంగతి ఎత్తి అన్నయ్య నన్ను పెళ్లయ్యేదాకా ఏడిపించాడు.

మామ్మది మాత్రం బందరు. ప్రతి ఏడూ బందరే. ఆమె పుట్టి పెరిగింది అక్కడే. తాతయ్యకు ఇక్కడ రైల్వేలో పని దొరికినప్పుడు, చంకలో నాన్నను వేసుకుని వచ్చింది. తర్వాత ఒక్కసారి కూడా తిరిగి వెళ్లలేదు. అక్కడ అయినవాళ్లెవరూ మిగల్లేదు. ఆమెకు కావలసింది మనుషులు కాదు, సముద్రం.

"నీలిమందు డబ్బా బోర్లించినట్టుంటాయే అమ్మాయ్ ఆ నీళ్లు," అనేది నాతో. "చీర ముంచితే నీలంగా తేలుతుందేమోనని భయం వేస్తుంది."

ఎంత చెప్పినా ఆమెకు రెండు చేతులకు మించి లేచేవి కావు. బందరు సొంతూరే కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లొచ్చు అనేవాడు నాన్న. మేమూ అలాగే అనుకునేవాళ్లం. కొత్త ఊళ్లు ఎక్కడికో పారిపోతాయన్నట్టు వాటి వెంటపడ్డాం. మామ్మ వచ్చే ఏటికి సముద్రాన్ని ఇంకాస్త నీలం చేసుకునేది.

నలభై ఏడు క్రిస్మస్‌కు కాస్త ముందు, పద్మారావు నగర్‌లో ఉండే కంటి డాక్టరు మామ్మ కళ్లు చూశాడు. కంటి నరం ఎండిపోతోందనీ, దానికి ఆపరేషన్ లేదనీ, మరో ఏడాది గడిస్తే చూపు మీద ఆశ పెట్టుకోవద్దనీ చెప్పాడు. ఆ మాట ఆమె ముందే చెప్పాడు. మామ్మ తిరిగి వచ్చేటప్పుడు మోండా మార్కెట్ దగ్గర రిక్షా ఆపించి, వంకాయలు తానే ఏరుకుని కొనుక్కొచ్చింది. ఇంటికొచ్చాక అమ్మ ఏడ్చింది గాని ఆమె ఏడవలేదు.

ఆ జనవరి పంచాయితీలో మేమెవరం మా ఊళ్ల ఊసే ఎత్తలేదు. అన్నయ్య బొంబాయి మబ్బులను వదిలేశాడు. మామ్మ మాత్రం ఎప్పటికన్నా పెద్ద ఉపన్యాసం ఇచ్చింది. నీలం, నీలం లోపల ఇంకో నీలం, దాని అంచున ముత్యాల్లాంటి నురగ. జాలితో ఎత్తిన చేతులు ఆమెకు అక్కర్లేదు, తన సముద్రం గెలవాలి. నాలుగు చేతులూ లేచాయి. మా బడి సెలవులు చూసుకుని మేలో వెళ్దామన్నాడు నాన్న. మామ్మ మార్చిలోనే పెట్టె సర్దేసుకుంది.

మే వచ్చేసరికి కాలం తిరగబడింది. రజాకార్ల గొడవలు ముదిరాయి. ఊళ్లలో ఇళ్లు తగలబెడుతున్నారనీ, రైళ్ల మీద పడుతున్నారనీ రోజుకో కబురు. నాన్నకు సెలవులు రద్దు చేశారు. పక్కింట్లో తరతరాలుగా ఇక్కడే ఉంటున్న కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడ భర్తకు మోండాలో ఉల్లిగడ్డల దుకాణం, లోకం మీది కబుర్లన్నీ ముందుగా ఆవిడకే చేరేవి.

"గిప్పుడు బెజవాడ దిక్కు పోవుడేందమ్మా," అందావిడ మామ్మతో, గోడ మీదుగా. "బండ్లను నడుమనే ఆపుతున్నరంట. జెర ఆగు పెద్దమ్మా. సముద్రం యాడికి పోతది?"

"సముద్రం పోదమ్మా," అంది మామ్మ. "నా కళ్లు పోతాయి."

ఆవిడ ఆ సాయంత్రం గిన్నెడు పచ్చిపులుసు పంపించింది.

ఆ వేసవంతా మామ్మ చూపు మా కళ్ల ముందే తరిగిపోయింది. మొదట బైబిలు పెద్దక్షరాలు దూరమయ్యాయి. తర్వాత బియ్యంలో రాళ్లు ఏరడం మానేసింది, అమ్మ అడక్కుండానే చాట అందుకుంది. నాన్న ఇంటికి రాగానే, బెజవాడ బండి నడిచిందా అని అడిగేది. నాన్న చెప్పులు విప్పుతూ తల అడ్డంగా ఊపేవాడు. కొన్నాళ్లకు ఆ ఊపడం ఆమెకు కనిపించక మళ్లీ అడిగేది. అప్పుడు నాన్న నోటితో చెప్పాల్సి వచ్చేది. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆయన ఎంతో నలిగిపోయేవాడు. వానాకాలంలో ఒక సాయంత్రం, పక్కనే దీపం వెలుగుతుండగా, దీపం పెట్టలేదేమే అని నన్నడిగింది. పెడుతున్నా మామ్మా అని అగ్గిపుల్ల గీశాను. ఆ చప్పుడుకు ఆమె నవ్వింది. మోసపోయిందో, మోసపోయినట్టు నటించిందో తెలియదు.

సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. మిలిటరీ లారీలు బొల్లారం వైపు పోతుంటే జనం రోడ్ల మీదికి వచ్చి చూశారు. కొందరు మిఠాయిలు పంచారు, కొందరు తలుపులు వేసుకున్నారు. ఎవరి భయం వాళ్లది. మెల్లగా బండ్లు నడవడం షురూ అయింది. నాన్న పాస్ రాయించుకొచ్చి మామ్మ ముందు కూర్చున్నాడు. ఆమె కళ్లలోకి చూడలేక నేల చూస్తూ, ఇప్పుడు కూడా వెళ్దామా అని అడిగాడు.

"చూపు పోయింది గాని కాళ్లు పోలేదుగా," అంది మామ్మ.

డిసెంబరులో బయల్దేరాం. సరిహద్దు స్టేషన్లో మిలిటరీ వాళ్లు పెట్టెలన్నీ తెరిపించి చూశారు. మార్చిలో సర్దిన మామ్మ పెట్టెలోంచి కలరా ఉండల వాసన గుప్పుమంది. బెజవాడలో బండి మారాం. బందరులో దిగి ఎడ్లబండి మాట్లాడుకున్నాం. దారి పొడుగునా మామ్మ ముక్కుతోనే ఊరు చూసింది. ఇక్కడ ఉప్పు మళ్లు, ఇక్కడ ఎండుచేపలు అని మాకు చెబుతూనే ఉంది. ఆమె ముఖంలో అంత వెలుగు నేనెన్నడూ చూడలేదు.

బండి దిగి సముద్రం చూశాం.

నీలం జాడే లేదు. నల్లటి బురద ఒడ్డు, దాని మీద బురద నీళ్లు. వానాకాలంలో చిలకలగూడ కాలవ పొంగితే ఏ రంగో సరిగ్గా ఆ రంగు. మేం నలుగురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఇన్నేళ్లుగా మనసులో దాచుకున్న నీలాన్ని ఎలా కాదంటాం? అమ్మ మాకు కళ్లతోనే సైగ చేసింది.

మామ్మ చెప్పులు విడిచి, నా భుజం పట్టుకుని, నీళ్లలో పాదాలు పెట్టింది. "ఎలా ఉందర్రా?" అని అడిగింది.

"నువ్వు చెప్పినట్టే ఉంది మామ్మా. నీలిమందు బోర్లించినట్టు," అన్నాడు అన్నయ్య.

"అవునత్తయ్యా, ఎంత నీలమో," అంది అమ్మ.

మామ్మ పాదాలు వెనక్కి తీసేసుకుంది. ముఖంలో వెలుగంతా ఆరిపోయింది.

"బండివాణ్ని అడగండి, ఎక్కడికి తెచ్చాడో," అంది. "ఇది మా సముద్రం కాదు."

ఉక్కిరిబిక్కిరై నేనే చెప్పేశాను, నీలం లేదు మామ్మా, అంతా బురద, చిలకలగూడ కాలవ రంగు అని. అమ్మ నా వీపు మీద గిల్లింది.

మామ్మ పెద్దగా ఊపిరి వదిలింది. నవ్వుతూ, కన్నీళ్లు కారుస్తూ ఆ బురదలోనే కూర్చుండిపోయింది. తెల్లచీర నల్లబడుతున్నా పట్టించుకోలేదు. గుప్పెడు బురద తీసి బుగ్గకు ఆనించుకుంది.

"మరి నీలమని ఎందుకు చెప్పావమ్మా అన్నేళ్లు?" అన్నాడు నాన్న.

"బురదని చెబితే మీలో ఒక్కరైనా చెయ్యెత్తుతారట్రా?" అంది మామ్మ.

మళ్లీ జనవరి వచ్చింది. చాప పరిచాం. నాన్న ఆగ్రాతో మొదలుపెట్టబోయి, ముందు పెద్దవాళ్లు చెప్పాలని ఆగాడు. మామ్మ గొంతు సవరించుకుంది.

"మా ఊరి సముద్రం నల్లగా ఉంటుంది," అంది. "బండి దారికి నడుములు పట్టేస్తాయి. ఒడ్డునంతా ఎండుచేపల కంపు. చూడ్డానికి ఏమీ లేదు. ఎవరైనా వస్తారా?"

అందరం చేతులెత్తాం. మామ్మ అలాగే ఎదురుచూస్తూ కూర్చుంది. లేచిన చేతులు ఆమెకు కనిపించవన్న సంగతి అన్నయ్యకే ముందు తట్టింది. లేచి వెళ్లి, ఆమె చెయ్యి పట్టుకుని, ఎత్తి ఉన్న తన అరచేతిలో పెట్టాడు. తర్వాత నేను వెళ్లాను, తర్వాత అమ్మ, నాన్న. మామ్మ ఒక్కొక్క చెయ్యీ తడుముకుంటూ, ఇది ఎవరిది, ఇది ఎవరిది అని అడిగి, పేరు చెప్పాకే వదిలింది.