ఇద్దరు మంజులు

హోసూరు ఫ్యాక్టరీలలో ఉద్యోగానికి అర్జీ పెట్టినవాడు నిజంగా వాడేనా, ఇంకొకడి సర్టిఫికెట్లు పట్టుకొచ్చాడా అని కనిపెట్టడమే మత్తిగిరి గంగాభవాని పని. కుర్రకారంతా ఆర్కుట్‌లో పడి ఉన్న రోజులవి. అందులో పేరు కొట్టి, ఫొటోలు చూసి, స్నేహితులు ఏమని పిలుస్తున్నారో చదివి కొందరు మోసగాళ్లను పట్టేసింది. అబ్బో, ఇక చూడాలి ఆవిడ నడక! ఆఫీసులో "పోలీసమ్మా" అంటే తెగ మురిసిపోయేది.

అట్లా మురిసి మురిసే పప్పులో కాలేసింది. రాయకోట నుంచి ఆర్. మంజు అనే కుర్రాడి అర్జీ వచ్చింది. ఆర్కుట్‌లో చూస్తే అదే కాలేజీ, అదే సంవత్సరం, అదే పేరు. కానీ ఫొటోలో ఉన్నది పొడుగు జడ ఆడపిల్ల! కింద "మంజక్కా" అని పలకరింపులు. ఇంకేముంది, దొంగ దొరికాడని రాసి పంపేసింది.

కుర్రాడు ఆఫీసుకొచ్చి ఏడ్చాడు. "నేనే మంజునమ్మా. ఆ పాప వేరే. నాకు కంప్యూటరు యాడుంది?"

"దొరికినోళ్లంతా ఇట్లే అంటారప్పా. పో," అంది.

ఈ సీమలో మంజు అంటే ఆడా కావచ్చు, మగా కావచ్చు. ఆవిడ సొంత చిన్నాన్న పేరే మంజు! అయినా తట్టలేదు, ఏం చెప్పాలి! తర్వాత, ముందెప్పుడో రాసిన ఉత్తరానికి కాలేజీ నుంచి జవాబొచ్చింది: తరగతిలో ఇద్దరు మంజులు. మేనేజరు రామచంద్రప్ప దగ్గరికి పరిగెత్తింది.

"వాడు దొంగని అన్ని ఫ్యాక్టరీలకూ చెప్పేసినాము. ఇప్పుడు తప్పంటే మనల్నెవరు నమ్ముతారమ్మా? గమ్మునుండు," అన్నాడాయన.

ఉద్యోగం పోతుందన్న భయంతో ఆవిడా గమ్మునుంది. అన్నం మాత్రం సహించేది కాదు.

రెండేళ్లకు కేశవులు అనే పేరుతో అర్జీ వచ్చింది. ఆర్కుట్‌లో కేశవులు ఉన్నాడు, బోలెడన్ని ఫొటోలతో. ముఖం చూస్తే రాయకోట కుర్రాడే! ఈసారి నిజంగానే ఇంకొకడి సర్టిఫికెట్లు. ఎక్కడ వెతుకుతారో తెలుసు కనుక, అక్కడే ముందుగా కొత్త పేరు పెట్టుకుని కూర్చున్నాడు.

పట్టిస్తే జైలు. వదిలేస్తే తన ఉద్యోగానికి ఎసరు. ఏ సంగతీ రాయడానికి చెయ్యి రాక, అర్జీలో ఉన్న నంబరుకు ఫోను చేసింది.

"కేశవులు మాట్లాడతా ఉండాను. ఎవరు?"

"మంజూ," అంది గంగాభవాని.



"ఆ పేరు మీరే తీసేసినారు కదమ్మా," అన్నాడు. "దీన్నన్నా ఉండనీండి."