అంబలి పోసిన పైన్ చెట్టు

నా చిన్నప్పుడు మేం కోరాపుట్ కొండల మీద ఒక ఫ్యాక్టరీ కాలనీలో ఉండేవాళ్లం. మా క్వార్టరు ముందు ఒక పైన్ చెట్టు ఉండేది. నాన్న ఉద్యోగంలో చేరిన ఏడు తన చేత్తో నాటారు దాన్ని. నాకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఇంటి కప్పును దాటిపోయింది.

ఆ ఏడు చలికాలం వెళ్లాక దాని సూదుల్లాంటి ఆకులు పసుపుపచ్చగా మారాయి. కింది కొమ్మలు ఎండాయి. నాన్న రెండు పూటలా బకెట్లతో నీళ్లు పోసేవారు. పోసేకొద్దీ చెట్టు ఇంకా వాడింది. ఆఫీసు వాళ్లు వచ్చి చూసి, గాలికి ఇంటి మీద పడుతుందని, సోమవారం కొట్టేస్తామని చెప్పి వెళ్లారు. నాన్న ఆ పూట అన్నం సరిగా తినలేదు.

నాకూ ముద్ద దిగలేదు. రోజూ పొద్దున్న అమ్మ రాగిపిండితో కాచి ఇచ్చే చోడి అంబలి నాకు గిట్టేది కాదు. అమ్మ లోపలికి వెళ్లగానే ఆ చెట్టు మొదట్లో ఒంపేసేదాన్ని. దాన్ని చంపుతున్నది నేనేనని నాకు గట్టి నమ్మకం. ఎవరికీ చెప్పలేదు.

శనివారం రామనగుడ నుంచి మా పెదనాన్న వచ్చారు. అక్కడ ఆయనకు పొలం, జీడితోట ఉండేవి. సంగతి విని టీ కూడా తాగకుండా బయటికి నడిచారు. ముందు రోడ్డు పక్కన పచ్చగా ఉన్న పైన్ చెట్టును చూసి వచ్చి, మా చెట్టు దగ్గర గొంతుకూర్చున్నారు.

"తమ్ముడా, ఆ సెట్టు మొదలు నేల కాడ ఎడల్పైపోయి ఉంది. నీదేటి, కరెంటు స్తంభంనాగ తిన్నగా దిగిపోయింది? మట్టేసేవా?"

నీళ్ల తొట్టి కోసం తవ్విన మట్టిని, చెట్టుకు బలమని, రెండేళ్ల కిందట చుట్టూ పోయించానని నాన్న చెప్పారు. పెదనాన్న బొరిగె తీసుకుని తవ్వసాగారు. లోపల నా అంబలి బయటపడుతుందనుకున్నాను. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

ఆయన తవ్వడం ఆపి, గుప్పెడు మట్టి నా ముక్కు దగ్గర పెట్టారు. మురుగు కంపు కొట్టింది.

"ఇది నీ అంబలి కాదమ్మీ. పీకల దాకా మట్టి, దాని మీద రోజూ నీల్లు. ఊపిరాడలేదు దీనికి. మీ నాన్న పేమతోనే ఏసేడులే."

నాన్న పార తెచ్చి ఆయన పక్కన చేరారు. సాయంత్రానికి మూరెడు మట్టి తీశాం. అడుగున బెరడు నల్లగా నాని ఉంది. బొటనవేలంత వేరు ఒకటి మొదలును చుట్టి బిగుసుకుంది. పెదనాన్న దాన్ని ఉలితో జాగ్రత్తగా కోసి, ఇక నీళ్లు పోయవద్దని, మొదలు ఎండనివ్వమని చెప్పారు.

సోమవారం వచ్చినవాళ్లను నాన్న ఒక్క ఏడాది ఆగమని బతిమాలారు. వాళ్లు ఎండుకొమ్మలు కొట్టి వెళ్లారు.

మరుసటి ఏడు చలి తగ్గాక, ఒక ఉదయం నాన్న నన్ను బయటికి పిలిచారు. చెట్టు పైన లేతపచ్చ చిగుళ్లు నిటారుగా నిలబడి ఉన్నాయి. నాన్న చాలాసేపు చెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. నాకు ఏడాదిగా గుండెల్లో మిగిలిన భయం కూడా అప్పుడే పూర్తిగా పోయింది.

తర్వాత రాయగడలో చాలా ఏళ్లు టీచరుగా పనిచేశాను. ఉన్నట్టుండి ఏ పిల్ల అయినా వాడిపోయి కనిపిస్తే, తప్పెవరిదని అడగకుండా వెళ్లి పక్కన కింద కూర్చునేదాన్ని. కాసేపటికి చాలామంది వాళ్లంతట వాళ్లే చెప్పేవారు.