ఎవరినీ తాకకుండా పరుగెత్తడం నేర్పిన దేవుడు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, యేసయ్య నామంలో మీ అందరికీ వందనాలు. నా పేరు దేవదానం, మాది చీరాల వైపు ఒక పల్లె, ఆరేళ్లుగా ఈ గల్ఫ్‌లో, ఘాలాలో ఏసీ డక్టులు చేసే వర్క్‌షాపులో పని చేస్తున్నాను. మన శుక్రవారం కూడికలో కుర్చీలు సర్దేవాడిగా మీలో చాలామందికి నేను తెలుసు. ఈరోజు సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డాను గానీ ముందే ఒక మాట చెప్పాలి, దేవుడు నన్ను తాగుడు నుంచి విడిపించలేదు, నేనెప్పుడూ చుక్క ముట్టలేదు, జబ్బు నుంచి విడిపించలేదు, గుండ్రాయిలా ఉండేవాణ్ణి. ఆయన నన్ను నా కోపం నుంచి విడిపించాడు, ఆ రెండింటికంటే అది చిన్నదేమీ కాదని మా ఇంట్లోవాళ్లను అడిగితే చెబుతారు.

నా కోపం నోటితో ఆగేది కాదు, నేరుగా చేతుల్లోకి వచ్చేది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా దేవుని సన్నిధిలో దాచిపెట్టి ఏం లాభం? నా భార్య సుగుణ మీద రెండుసార్లు చేయి చేసుకున్నాను. ఇక్కడికి వచ్చాక చేయి అందదు కాబట్టి ఫోన్‌లో అరిచేవాణ్ణి, రూమ్‌లో నేను వండిన కూర బాగాలేదన్నవాణ్ణి వదిలేసి ఇంటికి ఫోన్ చేసి ఆమె మీద అరిచేవాణ్ణి! వర్క్‌షాపులో ఒకసారి నాతో పని చేసేవాడి చొక్కా పట్టుకున్నందుకు కంపెనీ వార్నింగ్ లెటర్ ఇచ్చింది, ఇంకొకటి వస్తే వీసా రద్దు చేసి విమానం ఎక్కిస్తామన్నారు. ఆ కోపం కూడా తీసుకెళ్లి సుగుణ మీదే చూపించాను. ఆ రోజు ఆమె ఏడవలేదు, చాలా నెమ్మదిగా చెప్పింది.

"నీ ఫోన్ మోగితే పిల్ల బీరువా చాటుకి పోయి దాక్కుంటంది. నేను దాన్ని తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతన్నా. ఇంక ఫోన్ చెయ్యొద్దు. సెలవుకొచ్చినా మా గడప తొక్కొద్దు."

మా పాప కీర్తనకు అప్పుడు ఐదేళ్లు. తండ్రి గొంతు వింటే దాక్కునే పిల్ల ఉన్నవాడికి ఈ లోకంలో ఇంకేం ఉంటుంది చెప్పండి? కానీ అప్పుడు నాకు అలా అనిపించలేదు, నా మాట కాదని పుట్టింటికి పోతుందా అని ఇంకా మండిపడ్డాను. అదీ నా చీకటి. కళ్లు ఉండి గుడ్డివాణ్ణి.

ఆ రోజుల్లో నాకు ఒకే ఒక్క గొప్ప మిగిలింది, కబడ్డీ. ఊళ్లో నేను కూతకు వెళితే పందెం కాసేవాళ్లు, ఇక్కడ కూడా శుక్రవారాలు క్యాంపు వెనక ఖాళీ స్థలంలో ఆడేవాళ్లం. ఒక శుక్రవారం మా కంపెనీ సేఫ్టీ ఆఫీసర్ రామోన్ సార్, ఫిలిప్పీన్స్ ఆయన, నిలబడి నా ఆట చూశాడు. ఆయన కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతితో ఆడే అమెరికా ఫుట్‌బాల్ జట్టుకు కోచ్, అందులోనూ ఒకరినొకరు పడగొట్టుకోకుండా ఆడే రకం. ప్రతి ఆటగాడి నడుముకి బెల్టు, బెల్టుకి రెండు పక్కలా రెండు రిబ్బన్లు, బంతి పట్టుకుని పరుగెత్తేవాడి రిబ్బన్ ఎవరైనా లాగేస్తే వాడు అక్కడికి ఆగిపోవాలి. బంతి తీసుకుని మందలోకి చొరబడి పరుగెత్తేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు, నువ్వు దానికి పుట్టినవాడివి, రా అన్నాడు. కంపెనీ బస్సు డ్రైవర్ అన్వర్ భాయ్, మన కడప మనిషే, ఆయన చెప్పిందంతా నాకు తెలుగులో చెప్పి, మరుసటి వారమే నన్ను బస్సులో ఎక్కించుకుని గ్రౌండ్‌కు తీసుకెళ్లాడు.

సహోదరులారా, కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఏం చేయాలి? అవతలివాళ్లను తాకాలి, కూత ఆగకుండా తిరిగి తన గీత దగ్గరికి రావాలి. వెళ్లడంలో ఏముంది, తిరిగి రావడంలోనే ఉంది మొనగాడితనం. పద్నాలుగేళ్ల వయసు నుంచి నా కాళ్లకు తెలిసిన చదువు అదొక్కటే. ఆ రోజు బంతి విసిరేవాడు జోమర్, మా వర్క్‌షాపులోనే వెల్డర్, బంతిని నా చేతిలో పెట్టాడు. నేను దూకాను. ఒకడి భుజం తాకాను, ఇంకొకడి చేయి తాకాను, మూడోవాడు నన్ను చూసే లోపల దాటిపోయాను, దాటితే పాయింట్లు వచ్చే చివరి గీత ఇంకా రెండు అడుగులే ఉంది, ఒక్కడు కూడా నా ముందు లేడు, అప్పుడు నేను ఏం చేశానో తెలుసా? వెనక్కి తిరిగాను! మా వాళ్లంతా చేతులూపి అరుస్తుంటే నన్ను మెచ్చుకుంటున్నారనుకుని, వచ్చిన దారినే గాలిలా పరుగెత్తి మా గీత కూడా దాటేసి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను. అవతలి జట్టువాడు ఒకడు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి నా రిబ్బన్ లాగాడు. మా గీత వెనకే దొరికిపోయానని పాయింట్లు వాళ్లకిచ్చారు.

గ్రౌండంతా నవ్వింది. ఇప్పుడు మీరు నవ్వినట్టే నవ్వారు, నవ్వండి పర్లేదు, ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. కానీ ఆ రోజు జోమర్ పొట్ట పట్టుకుని నేల మీద కూర్చుని నవ్వుతుంటే నా కళ్లకు ఇంకేమీ కనబడలేదు, వెళ్లి వాణ్ణి లేపి ముఖం మీద కొట్టాను. ముక్కులోంచి రక్తం కారి తెల్ల జెర్సీ అంతా తడిసింది. రామోన్ సార్ నా వైపు చూసి, ఇది నేను కంపెనీకి రాయక తప్పదు అన్నాడు. రెండో లెటర్. అంటే ఉద్యోగం పోయింది, పోయి ఎక్కడికి వెళ్లాలి? గడప తొక్కొద్దన్న ఇంటికా?

అన్వర్ భాయ్ నా రెక్క పట్టుకుని తీసుకెళ్లి ఖాళీ బస్సులో కూర్చోబెట్టాడు. పొద్దు వాలాక చేసే అసర్ నమాజు వేళయింది. ఆయన తలుపు దగ్గర నిలబడి అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

"నేను నమాజుకు పొయ్యొస్తా. నువ్వు మీ దేవుడితో మాట్లాడుకో. మాట్లాడేదాకా యాడికీ పోవాకు."

చూశారా, దేవుడు నాకు ఎవరి నోట బుద్ధి చెప్పించాడో! చిన్నప్పటి నుంచి మందిరంలో పెరిగినవాణ్ణి, బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి, ప్రార్థన చేసుకోమని నాకు ఒక నమాజు చేసుకునే మనిషి చెప్పాల్సి వచ్చింది. ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను, నా వేళ్ల సందుల్లో జోమర్ రక్తం ఎండిపోయి ఉంది, దాన్ని చూస్తే నాకు సుగుణ గుర్తొచ్చింది. ఆమెను కొట్టిన రెండుసార్లూ నేను నా చేతుల వైపు చూసుకోలేదు సహోదరులారా. అప్పుడు ఏడ్చాను. "ప్రభువా, ఈ చేతులు నా మాట వినవు. నేను ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నా వినలేదు. వీటిని నువ్వు తీసుకో. పని చేసుకోవడానికి మాత్రం నాకు అప్పుడప్పుడు ఇవ్వు" అని ప్రార్థించాను. అంతకంటే మంచి ప్రార్థన చేయడం నాకు రాలేదు, అయినా ఆయన విన్నాడు. దేవునికే మహిమ!

నేను ఇంకా తల వంచుకునే ఉన్నాను, బస్సు మెట్ల మీద చప్పుడైంది. జోమర్, ముక్కుకు ఐసు ముక్క గుడ్డలో చుట్టి పెట్టుకుని, వెనకాల రామోన్ సార్. జోమర్ తనకొచ్చిన హిందీలో సార్‌తో కాదు, నాతో అన్నాడు, "నువ్వు తప్పు వైపు పరుగెత్తావు. కానీ గీత దాకా ఒక్కడికీ దొరకలేదు." తర్వాత సార్ వైపు తిరిగి, నేను ఫిర్యాదు చేయను, వీణ్ణి జట్టులో ఉంచు అన్నాడు. రామోన్ సార్ ఒప్పుకుని, ఇంకొక్కసారి చేయి లేస్తే రెండూ కలిపి రాస్తానన్నాడు. నేను జోమర్ కాళ్ల మీద పడబోతే వాడు ఆపాడు. అడగకుండానే క్షమాపణ దొరికింది నాకు, వాక్యంలో విన్నదే, చేతికి అందినప్పుడు గానీ దాని బరువు తెలియలేదు.

కోపం ఆ ఒక్క రోజుతో పోయిందని చెబితే అబద్ధమాడినట్టే. ప్రభువు నన్ను ఆ గ్రౌండ్‌లోనే బడికి వేశాడు. ఆ ఆటలో ఒక నియమం ఉంది, రిబ్బన్ లాగడానికి వచ్చేవాడి చేతిని పరుగెత్తేవాడు తన చేత్తో తోసేయకూడదు, అడ్డు కూడా పెట్టకూడదు, పెడితే తప్పు కింద రాస్తారు. ఎవరినీ తాకకుండా పరుగెత్తాలి! కబడ్డీ వాడికి ఇంతకంటే శిక్ష ఉందా? మొదటి నెలంతా ప్రతి శుక్రవారం విజిల్ నా మీదే మోగేది. చివరికి రామోన్ సార్ బంతిని రెండు చేతులా హత్తుకో, కాన్పు గదిలోంచి పిల్లను నీ చేతికిచ్చినప్పుడు ఎలా పట్టుకున్నావో అలా పట్టుకో అన్నాడు. నాకు పిల్ల ఉందని తప్ప ఆయనకు నా ఇంటి సంగతి ఏమీ తెలియదు. నేను మాత్రం ఆ రోజు బంతి పట్టుకుని ఒక నిమిషం కదల్లేకపోయాను. కబడ్డీలో కూత పెట్టినట్టే ఒకే ఊపిరిలో "యేసయ్యా నా చేతులు, యేసయ్యా నా చేతులు" అనుకుంటూ పరుగెత్తడం మొదలుపెట్టాను, విజిళ్లు తగ్గాయి.

తర్వాత దేవుడు నన్ను ఎలా వాడుకున్నాడో వినండి. మొదట్లో బంతి చేతికిస్తే పరుగెత్తడమే నా పని. తర్వాత జోమర్ పక్కకు విసిరితే పట్టుకోవడం నేర్చుకున్నాను, అవతలివాళ్లు వాడి మీదికి వస్తుంటే వాడి ముందు గోడలా నిలబడటం నేర్చుకున్నాను. కూతకు వెళ్లేవాడు అవతలివాళ్ల నడుములు చూసి ఎవడు ఎటు కదులుతాడో పసిగడతాడు కదా, ఆ చూపు ఇక్కడా పనికొచ్చింది. చలికాలం వచ్చేసరికి అవతలి జట్లు నా కోసమే ఇద్దరిని కాపలా పెట్టేవి, రామోన్ సార్ ప్రతి ఎత్తూ నా చుట్టూ వేసేవాడు. వృథాగా పోయిందనుకున్న నా కబడ్డీని ప్రభువు ఒక్క మెతుకు కూడా పారేయకుండా వాడుకున్నాడు.

ఇంటికి ఫోన్ చేయలేదు, వద్దందని చేయలేదు. కానీ వారానికొకసారి సుగుణకు వాట్సాప్‌లో ఒక చిన్న మాట రికార్డు చేసి పంపేవాణ్ణి, ఏమీ అడిగేవాణ్ణి కాదు, ఈ వారం ఎవరి మీదా అరవలేదు అని, లేదా ఒకసారి అరిచాను, వెళ్లి క్షమించమన్నాను అని, ఉన్నదున్నట్టు. ఆమె వినేది, వినిందని నీలం గుర్తులు చెప్పేవి. ఐదు నెలలు జవాబు లేదు.

కంపెనీల మధ్య ఫైనల్ ఆట వచ్చింది. అవతలివైపు నన్ను కాపలా కాసేవాడు కొండలా ఉన్నాడు, మూడుసార్లు నేను వాణ్ణి తప్పించుకున్నాను. నాలుగోసారి రిఫరీ అటు తిరిగి ఉన్నప్పుడు మోచేత్తో నా మూతి మీద పొడిచాడు. పెదవి చిట్లింది, నోరంతా రక్తం. సహోదరులారా, పాత కోపం లేచింది, లేవలేదని చెప్పను, నా పిడికిలి దానంతటదే బిగుసుకుంది. జోమర్ నా ముఖం చూడలేదు, నా చేతులు చూశాడు. "యేసయ్యా, ఇవి నీవి. నీవి నువ్వే పట్టుకో" అన్నాను. వేళ్లు ఒక్కొక్కటే విడిపోయాయి. నా బలమైతే వాడు ఆ రోజు ఆసుపత్రిలో ఉండేవాడు, అది నా ప్రభువు బలమే, ధైర్యంగా చెబుతున్నాను!

నోరు కడుక్కుని వచ్చాను. ఆఖరి ఎత్తుకు రామోన్ సార్ నన్నే పిలిచాడు, కానీ ఈసారి నీకు బంతి ఇవ్వం అన్నాడు. ఇచ్చినట్టు జోమర్ నటిస్తాడు, నువ్వు చేతులు ముడుచుకుని ఎడమవైపు పరుగెత్తు, వాళ్లంతా నీ వెంటే వస్తారు. అలాగే పరుగెత్తాను, నన్ను కొట్టినవాడితో సహా ముగ్గురు నా వెంట పడ్డారు, నా గుండెల దగ్గర చేతులు ముడిచి ఉన్నాయి, చేతుల్లో ఏమీ లేదు. అటు కుడివైపు బక్కపలచని నేపాలీ ఒకడు బంతి పట్టుకుని గీత దాటాడు. అందరూ వాణ్ణి భుజాల మీద ఎత్తుకున్నారు, ఫోటోలో నేను లేను, మళ్లీ నోరు కడుక్కుంటున్నాను. అయినా ఏ కూతకూ రాని సంతోషం ఆ రోజు వచ్చింది.

బస్సులో తిరిగొస్తూ సుగుణకు పంపాను, "ఈరోజు ఒకడు కొట్టాడు. పెదవి చిట్లింది. నేను కొట్టలేదు." అంతే. పది నిమిషాలకు ఫోన్ మోగింది. ఆమె పేరు చూసి నేను ఎత్తడానికే భయపడ్డాను. చివరికి ఎత్తాను.

"పెదానికి ఏం రాశావు?" అంది.

ఏమీ రాయలేదన్నాను. "పసుపన్నా పెట్టుకోపోయావా" అంది. నేను ఏడ్చేశాను. ఆమె పక్కనుంచి చిన్న గొంతు, ఎంతో దగ్గర్నుంచి, "అమ్మా, నాన్న ఏడుస్తన్నాడా?" అని అడిగింది. అవును తల్లీ అన్నాను.

వచ్చే నెల సెలవుకు వెళుతున్నాను. సుగుణ అంతా మర్చిపోయిందని కాదు. అమ్మ దగ్గరే ఉంటాం, నువ్వు పగలు వచ్చి పిల్లను చూసి పో, మిగతాది తర్వాత చూద్దాం అంది. అది న్యాయమే, ఆమె ఎంతకాలం చూస్తానంటే అంతకాలం నేను ఆ గడప బయట కూర్చుంటాను, నాతో నా దేవుడు కూర్చుంటాడు. ఇంత దూరం తెచ్చినవాడు మధ్యలో వదలడు. ఆయనకే స్తోత్రం.

ఇక ఒక్క మాట. ఈరోజు ఇక్కడ ఆఖరి వరుసలో ఒక సహోదరుడు కూర్చున్నాడు, సోమవారం అతని సైట్‌లో ఏం జరిగిందో నాకు తెలుసు. అన్నా, నీ పేరు చెప్పను, నీ వైపు చూడను కూడా. కూడిక అయ్యాక అందరూ భోజనాలకు వెళతారు, నేను కుర్చీలు సర్దడానికి ఆగుతాను. నువ్వూ ఆగు. నువ్వేమీ చెప్పక్కర్లేదు, నీ చేతులు నా చేతుల్లో పెట్టు, మనిద్దరం కలిసి వాటిని ఆయనకు ఇచ్చేద్దాం.